పాత సీపీయూని అమ్మేయకండి చెల్లెమ్మా, ముందు ఆ ఎర్ర లైటు చూడండి

ప్రశ్న: అన్నయ్యగారికి నమస్కారం. మాది వినుకొండ. మా వారు 2012లో డీటీపీ షాపు పెట్టినప్పుడు కొన్న డెస్క్‌టాప్ ఇంట్లో ఉంది. కోర్ ఐ3 2120, 2 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 7. షాపు మూసేసి ఆరేళ్ళయింది. ఇప్పుడు అది ఆన్ అయి మౌస్ కదిలేసరికి ఏడెనిమిది నిమిషాలు పడుతోంది. ప్రతిసారీ ఎఫ్1 నొక్కమంటుంది, తేదీ 2011 జనవరి అని చూపిస్తుంది, నెట్ పెడితే ఏ సైటూ తెరుచుకోదు. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ, వచ్చే వేసవిలో ఎంసెట్ రాయాలి. మాక్ టెస్టులన్నీ ఫోన్‌లోనే రాస్తోంది. బజార్లో షాపతనికి చూపిస్తే "ఇది ఇంక పనికిరాదమ్మా, వెయ్యి రూపాయలిస్తాను, కొత్తది 35 వేలు అవుతుంది" అన్నాడు. మేం పెట్టగలిగేది అయిదు వేలు. మా వారు చేసిన శుభలేఖలు, పుస్తకాలు అన్నీ అందులోనే ఉన్నాయి. అమ్మేయమంటారా, బాగుచేయించుకోమంటారా?
- ఒక సోదరి, వినుకొండ

జవాబు: అమ్మకండి చెల్లెమ్మా. మీ సీపీయూలో ఉన్న ప్రాసెసర్‌కి ఇంకా ఓపిక ఉంది. మీరు రాసిన బాధలు ఒక్కోదానికీ ఒక్కో కారణం ఉంది. అన్నిటికీ కలిపి అయిదు వేల లోపల తేల్చుకోవచ్చు. కాకపోతే పనులు ఒక వరసలో జరగాలి. వరస తప్పితే కంప్యూటర్ బాగుపడుతుంది గానీ బావగారి ఎనిమిదేళ్ళ కష్టం పోతుంది. మీ ఉత్తరంలో నాకు భయం వేసింది స్పీడు గురించి కాదు, "అన్నీ అందులోనే ఉన్నాయి" అన్న మాటకి.

మా ఇంట్లో ఒకసారి ఇలాగే అయింది. స్లోగా ఉందని సర్వీసింగ్‌కి ఇచ్చాం. ఆ కుర్రాడు ఏమీ అడక్కుండా సి డ్రైవ్, డి డ్రైవ్ కలిపి ఫార్మాట్ కొట్టి, శుభ్రంగా కొత్త విండోస్ వేసి పంపించాడు. మా నాన్నగారు రెండేళ్ళ పాటు రెండు వేళ్ళతో టైపు చేసుకున్న మా ఊరి గుడి చరిత్ర, ఎనభై పేజీలు, అందులో పోయింది. ఆయన ఎవర్నీ ఏమీ అనలేదు, మళ్ళీ టైపు కూడా చేయలేదు. అప్పట్నుంచి పాత కంప్యూటర్ గురించి ఎవరడిగినా నా నోట్లోంచి ముందు వచ్చే మాట ఒక్కటే: కాపీ తీసుకున్నారా?

కాబట్టి మొదటి ఖర్చు 64 జీబీ పెన్‌డ్రైవ్ మీద పెట్టండి. డీటీపీ ఫైళ్ళకి మామూలుగా అంత చోటు సరిపోతుంది. ఎనిమిది నిమిషాలు పట్టినా పర్లేదు, ఆన్ చేసి డెస్క్‌టాప్ మీదవి, మై డాక్యుమెంట్స్‌లోవి, డి డ్రైవ్, ఈ డ్రైవ్‌లలోవి అన్నీ కాపీ చేయండి. పేజ్‌మేకర్ ఫైళ్ళయితే పేరు చివర పీఎండీ అనో పీ65 అనో ఉంటుంది, కోరల్‌డ్రావి సీడీఆర్ అని ఉంటాయి. సెర్చ్‌లో ఆ అక్షరాలు కొడితే ఏ మూల ఫోల్డర్‌లో దాక్కున్నవైనా బయటికొస్తాయి. బావగారు అను ఫాంట్లు వాడి ఉంటే ఆ ఫాంట్లు, ఇన్‌స్టాల్ చేసుకున్న సీడీ లేదా ఫోల్డర్ కూడా దాచండి. ఎందుకంటే అను ఫాంట్లు, ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు ఒకేలా కనిపించే యూనికోడ్ రాకముందు పద్ధతివి. ఆ ఫైల్లో నిజానికి తెలుగు అక్షరాలు ఉండవు. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు ఉండే చోట తెలుగు ఆకారాలు కూర్చోబెట్టి ఉంటాయి. ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే శుభలేఖంతా గజిబిజి గీతల్లా కనిపిస్తుంది. ఫైలు ఉండి కూడా లేనట్టే అవుతుంది.

మీరు "పుస్తకాలు" అన్నారు. మన ఊళ్ళల్లో పద్యాలు, శతకాలు, కుటుంబ చరిత్రలు రాసుకున్న పెద్దవాళ్ళు వందో రెండొందలో కాపీలు వేయించుకుంటారు. అవి చుట్టాలకి పంచాక అచ్చు ప్రతి కూడా దొరకదు. ఆ పేజ్‌మేకర్ ఫైలే మిగిలిన ఏకైక ప్రతి కావచ్చు. అలాంటివాటిని పీడీఎఫ్ కూడా తీసి పెట్టమని బావగారికి చెప్పండి. పీడీఎఫ్ ఎలా తీయాలో ఆయనకి నేను చెప్పనక్కర్లేదు. వీలుంటే అను నుంచి యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, తీరిక దొరికినప్పుడు ఆ పనీ చేయించండి. ఆ రాసినవాళ్ళ పిల్లలకి మీరు చేసే సాయం అది.

కాపీ అయ్యాక పాత హార్డ్‌డిస్క్ ఒంట్లో ఎలా ఉందో చూడాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాం విండోస్ 7లో పనిచేస్తుంది. ఇంకెవరి కంప్యూటర్‌లోనైనా దించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. నీలం రంగులో గుడ్ అని చూపిస్తే నిశ్చింత. పసుపు రంగులో కాషన్ అని వస్తే ఆ డిస్క్ మీద కొన్ని చోట్లు దెబ్బతిన్నాయని అర్థం. అలా ఉంటే దాన్ని ఇంక రోజూ వాడొద్దు, కాపీ రెండో చోట కూడా పెట్టి దాన్ని విశ్రాంతిగా బీరువాలో ఉంచండి.

ఇప్పుడు ఆ ఎఫ్1 సంగతి. అన్నిటికన్నా తేలికైన రోగం ఇదే. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళలా గుండ్రంగా ఒక సెల్ ఉంటుంది, దాని మీద సీఆర్2032 అని రాసి ఉంటుంది. కరెంట్ లేనప్పుడు కూడా గడియారం నడిచేది దాని మీదే. మూడు వోల్టుల సెల్. అది అయిపోయింది కాబట్టి స్విచ్ ఆపగానే మీ కంప్యూటర్ రోజులన్నీ మర్చిపోయి 2011కి వెళ్ళిపోతోంది. సైట్లు తెరుచుకోకపోవడానికి కూడా ఇది పెద్ద కారణమే. ప్రతి సైటుకీ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చెల్లుతుందని ఒక సర్టిఫికెట్ ఉంటుంది. మీ కంప్యూటర్ లెక్క ప్రకారం ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు, అందుకని కనెక్షన్ ప్రైవేట్ కాదని అడ్డుపడుతుంది. వాచీలు బాగుచేసే బడ్డీ కొట్లో కూడా ఈ సెల్ దొరుకుతుంది. యాభై రూపాయలకి మించి ఇవ్వకండి. పాతదాన్ని పక్కన ఉన్న చిన్న క్లిప్ నొక్కి తీసి, ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టాలి.

సెల్ మార్చాక తేదీ సరిచేయడానికి బయోస్‌లోకి, అంటే విండోస్ లేవకముందు వచ్చే సెట్టింగుల తెరలోకి, వెళ్తారు కదా. అక్కడ డిస్క్‌తో బోర్డు ఎలా మాట్లాడాలో చెప్పే సాటా మోడ్ అని ఒకటి ఉంటుంది, ఐడీఈ అనో ఏహెచ్‌సీఐ అనో. దాన్ని ఎలా ఉన్నదాన్ని అలాగే వదిలేయండి. ఎప్పుడైనా అది మారిపోయి విండోస్ లోడ్ అవుతుండగా నీలం తెర పడి రీస్టార్ట్ అవుతుంటే కంగారు పడొద్దు. రెండింట్లో రెండోది పెట్టి చూస్తే చాలాసార్లు మామూలుగా తెరుచుకుంటుంది. ఈ చిన్న సంగతి తెలియక విండోస్ పోయిందనుకుని ఫార్మాట్ కొట్టించుకున్న ఇళ్ళు నాకు చాలా తెలుసు.

సీపీయూ ఎలాగూ విప్పుతారు కాబట్టి దుమ్ము కూడా దులిపేయండి. వైరు గోడ నుంచి పూర్తిగా పీకేసి, పవర్ బటన్ నాలుగైదు సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంట్ కూడా పోతుంది. వెనక రెండు స్క్రూలు తీస్తే పక్క రేకు జారుతుంది. ఆరేళ్ళు మూల పడి ఉంది కనక ప్రాసెసర్ మీద ఉన్న ఫ్యాన్ కింద, ఆ అల్యూమినియం రెక్కల మధ్య, దుమ్ము దూదిలా గడ్డకట్టి ఉంటుంది. రంగులు వేసే మెత్తటి బ్రష్‌తో తీయండి. బ్లోవర్ వాడితే ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోండి. ర్యామ్‌కి అటూ ఇటూ ఉన్న క్లిప్పులు నొక్కితే పైకి లేస్తుంది. దాని అంచున బంగారు రంగు గీతలుంటాయి. వాటిని పిల్లల రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు ఊదేసి, టక్ మనేదాకా నొక్కి పెట్టండి. ఆన్ చేస్తే బీప్ బీప్ మని అరిచి తెర రాని కంప్యూటర్లు సగం ఈ పనికే లేచి కూర్చుంటాయి.

రేకు తీసినప్పుడే ఒకటి చూసుకోవాలి. మదర్‌బోర్డు మీద చిన్న చిన్న డబ్బాల్లా నిలబడి ఉండేవి కెపాసిటర్లు. వాటి నెత్తి చదునుగా ఉండాలి. ఏదైనా పూరీలా ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినట్టున్నా అక్కడితో ఆగిపోండి. ఆ బోర్డు మీద ఇంక పైసా పెట్టొద్దు. అలా లేకపోతేనే ఇక్కణ్ణుంచి కిందిది చదవండి.

ఇక అసలు రోగం, ఆ ఏడెనిమిది నిమిషాలు. ఈసారి ఆన్ చేసినప్పుడు తెర వైపు కాకుండా సీపీయూ ముందు వైపు చూడండి. పవర్ లైటు పక్కన ఇంకో చిన్న లైటు, చాలా క్యాబినెట్లకి ఎర్రగా, ఉంటుంది. అది హార్డ్‌డిస్క్ లైటు. డిస్క్ పనిచేస్తున్నంతసేపూ అది మిణుకుమిణుకుమంటుంది. మీ దానికి ఆ ఏడెనిమిది నిమిషాలూ ఆరకుండా వెలుగుతూనే ఉంటుందని నేను ఇక్కణ్ణుంచే చెప్పగలను. అంటే ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని డిస్క్ కోసం ఎదురుచూస్తోంది. వంటామె పొయ్యి వెలిగించుకుని కూర్చుంటే బజారు నుంచి కూరలు రాని పరిస్థితి.

హార్డ్‌డిస్క్ లోపల నిమిషానికి 7,200 సార్లు తిరిగే పళ్ళెం, దాని మీద అటూ ఇటూ కదిలే చేయి ఉంటాయి. ఒక్కో ఫైలు దగ్గరికి ఆ చేయి చేరడానికి పది మిల్లీసెకన్లు అటూ ఇటూగా పడుతుంది. విండోస్ లేవడానికి వేల చిన్న చిన్న ఫైళ్ళు చదవాలి. దానికి తోడు మీకు ర్యామ్ రెండే జీబీ. అది నిండగానే మిగతాదాన్ని విండోస్ మళ్ళీ ఆ డిస్క్ మీదే రాస్తుంది, మళ్ళీ అక్కణ్ణుంచే చదువుతుంది. హార్డ్‌డిస్క్‌కి బదులు పెట్టుకునే ఎస్‌ఎస్‌డీ అనే కొత్త రకం డిస్క్‌లో తిరిగేదీ కదిలేదీ ఏమీ లేదు, అదే పనికి దానికి 0.1 మిల్లీసెకను చాలు. వంద రెట్లు తేడా. అందుకే డిస్క్ మార్చిన రోజున కంప్యూటరే మార్చేసినట్టు ఉంటుంది. ప్రాసెసర్ మార్చినా, గ్రాఫిక్స్ కార్డు పెట్టినా ఇందులో పదో వంతు తేడా రాదు.

షాపులో "ఈ పాత బోర్డుకి ఎస్‌ఎస్‌డీ దండగ, ఫుల్ స్పీడు రాదు" అంటారు. అందులో సగమే నిజం. మీ తరం బోర్డుల్లో ఎక్కువగా ఉండే హెచ్61 చిప్‌సెట్‌లో సాటా స్పీడు సెకనుకి 300 ఎంబీకి మించదు, ఎస్‌ఎస్‌డీ డబ్బా మీద 500 పైన రాసి ఉంటుంది. కానీ మనకి కావలసింది ఆ పెద్ద అంకె కాదు, వెతుకులాటలో మిగిలే సమయం. అది పూర్తిగా మిగులుతుంది. కొనేటప్పుడు 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ అని అడగండి. ఎన్‌వీఎంఈ అని సన్నటి చీటీలా ఉండేది ఇస్తే తీసుకోకండి, మీ బోర్డులో దానికి చోటు లేదు. 2025 చివరి నుంచి మెమరీ చిప్పుల ధరలు ప్రపంచమంతా పెరిగాయి. కాబట్టి 240 జీబీ మీ లెక్కలో పట్టకపోతే 120 జీబీదైనా చాలు, అమ్మాయి పనికి అది ఎక్కువే. పేరున్న కంపెనీది, బిల్లూ వారంటీ ఉన్నది తీసుకోండి. దీని మీద మాత్రం సెకండ్ హ్యాండ్ వద్దు. పెట్టడానికి కేబుల్ లేదంటే డీవీడీ డ్రైవ్‌కి ఉన్న రెండు వైర్లూ తీసి దీనికి తగిలించండి. డీవీడీలు ఇప్పుడెవరూ పెట్టట్లేదు. (బావగారి సీడీల్లో ఏమైనా ఉంటే మాత్రం వైర్లు తీయకముందే కాపీ చేసుకోండి.)

ర్యామ్ మాత్రం సెకండ్ హ్యాండ్‌దే తీసుకోండి. డెస్క్‌టాప్ డీడీఆర్3 అని చెప్పాలి. డీడీఆర్4 స్లాట్‌లో పట్టదు, ల్యాప్‌టాప్‌ది పొట్టిగా ఉంటుంది, అదీ పట్టదు. హెచ్61 బోర్డుకి మామూలుగా రెండు స్లాట్లు. ఉన్న 2 జీబీ పక్కన 4 జీబీ పెడితే 6 అవుతుంది, మీకు అంత చాలు. ర్యామ్ ఎప్పుడో ఒకసారి గానీ పాడవదు, అందుకే పాతది కొనమంటున్నాను. వారం రోజుల్లో తేడా చేస్తే మార్చి ఇస్తానన్న మాట తీసుకోండి. విండోస్ 7లోనే మెమరీ డయాగ్నస్టిక్ అని ఉంది, ఆ రాత్రే ఒకసారి నడపండి. ఇంకో చిన్న సంగతి: అప్పట్లో షాపుల్లో ఎక్కువగా 32 బిట్ విండోస్ వేసేవాళ్ళు. అది 4 జీబీ దాటి ర్యామ్‌ని చూడలేదు, అందులోనూ మూడు పైచిలుకే వాడుతుంది. ర్యామ్ పెంచినా విండోస్ 7లో తేడా తక్కువ కనిపిస్తే ర్యామ్ మంచిది కాదనుకోవద్దు.

ఇంతవరకూ ఇనుము సంగతి. ఇప్పుడు ఏ సిస్టమ్ వేయాలన్నది. ఇక్కడ నేను కాస్త గట్టిగా చెబుతాను. అమ్మాయి చేత విండోస్ 7లో ఇంటర్నెట్ వాడించొద్దు. 2020 జనవరి 14తో దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి, 2023 నుంచి క్రోమ్ కూడా దాని మీదికి కొత్త వెర్షన్లు ఇవ్వడం మానేసింది. విండోస్ 10 మీ కంప్యూటర్‌లో నడుస్తుంది గానీ దాని గడువు కూడా 2025 అక్టోబరు 14న అయిపోయింది. ప్రత్యేకంగా నమోదు చేసుకున్న ఇళ్ళకి 2026 అక్టోబరు దాకా పొడిగించారు, అంతే. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, మీది రెండో తరం. దొడ్డిదారిన వేసి ఇస్తామనేవాళ్ళుంటారు. అలా వేసినదానికి అప్‌డేట్లు వస్తాయన్న భరోసా లేదు, పైగా చాలాచోట్ల యాక్టివేషన్ కోసం, లైసెన్సు కొనకుండా నడిపించే క్రాక్ ఫైలు పెడతారు, దాంతో పాటు ఏం లోపలికి వచ్చిందో మనకి తెలియదు. అదే కంప్యూటర్‌లో రేపు మీరు అప్లికేషన్ ఫీజు కట్టాలి, అమ్మాయి ఆధార్ అప్‌లోడ్ చేయాలి. ఒప్పుకోకండి.

విండోస్‌కి బదులు లినక్స్ మింట్ అనే సిస్టమ్ వేయించండి. అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఎడిషన్ తేలికపాటిది. పూర్తిగా ఉచితం, క్రాక్ అవసరమే ఉండదు, 22 సిరీస్‌కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. కింద ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం, విండోస్ 7 చూసినవాళ్ళకి పావుగంటలో అలవాటైపోతుంది. నెట్ చూడ్డానికి ఫైర్‌ఫాక్స్, టైపింగ్ పనులకి లిబ్రేఆఫీస్ దాంతో పాటే వస్తాయి. తెలుగు చక్కగా కనిపిస్తుంది, కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు కలుపుకుంటే టైపు కూడా చేసుకోవచ్చు. తెలిసినవాళ్ళ ల్యాప్‌టాప్‌లో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద రూఫస్ అనే ప్రోగ్రాంతో మింట్‌ని ఎక్కించుకుంటే చాలు. దాన్ని ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ మీద నుంచి నడిపి చూసుకోవచ్చు. తెర, సౌండు, నెట్ అన్నీ వస్తున్నాయో లేదో ముందే తెలిసిపోతుంది.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఈ ఒక్క మాట మర్చిపోకండి: పాత హార్డ్‌డిస్క్ వైర్లు పీకేసి, ఎస్‌ఎస్‌డీ ఒక్కటే తగిలించి ఉంచండి. మధ్యలో డిస్క్‌ని చెరిపేసి ఇన్‌స్టాల్ చేయమంటావా అని అడుగుతుంది. రెండు డిస్కులూ ఉన్నప్పుడు తప్పు డిస్క్ మీద నొక్కితే అంతే సంగతులు. పాతది తగిలించే లేకపోతే చెరపడానికి అక్కడ ఏమీ ఉండదు. అంతా అయ్యాక, కంప్యూటర్ ఆపి, పాత డిస్క్ మళ్ళీ తగిలించండి.

ఇప్పుడు ఒకే పెట్టెలో రెండు కంప్యూటర్లు ఉన్నట్టు. అమ్మాయికి ఎస్‌ఎస్‌డీ మీద మింట్, అరనిమిషం అటూ ఇటూలో లేస్తుంది. బావగారికి పాత డిస్క్ మీద ఆయన విండోస్ 7, పేజ్‌మేకర్, అను ఫాంట్లు ఎక్కడివక్కడే. ఆన్ చేయగానే ఎఫ్12 గానీ ఎఫ్11 గానీ ఎఫ్8 గానీ, బోర్డు కంపెనీని బట్టి, నొక్కితే ఏ డిస్క్ నుంచి లేవాలని అడుగుతుంది. మొదటి తెర మీద అడుగున ఆ కీ పేరు రాసి ఉంటుంది, ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. విండోస్ 7లో ఉన్నంతసేపూ నెట్ పెట్టకూడదన్నది ఇంటి నియమం చేసుకోండి. ఎవరైనా పెళ్లి కార్డు చేసిపెట్టమని వస్తే ఆయన చేసుకోవచ్చు. ప్రింటర్ కూడా అక్కడే ఉంచండి. డీటీపీ షాపుల్లో ఎక్కువగా ఉండే కెనాన్ ఎల్‌బీపీ 2900 లాంటి పాత లేజర్లు లినక్స్‌లో తేలిగ్గా మాట వినవు. అమ్మాయికి ప్రింటు కావాలంటే పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌లో అటు తీసుకెళ్ళాలి. ఇది కొంచెం ఇబ్బందే, ముందే చెబుతున్నాను.

నెట్ కోసం వైఫై డాంగిల్ కొనకండి. ఫోన్‌ని చార్జింగ్ కేబుల్‌తో సీపీయూకి తగిలించి, ఫోన్ సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే మింట్ దాన్ని వెంటనే పట్టుకుంటుంది. వీడియో పాఠాలకి క్వాలిటీ 720 దగ్గర పెట్టండి. మీ ప్రాసెసర్ కాలానికి ఇప్పటి వీడియో పద్ధతులు లేవు, అన్ని ఫ్రేములూ అదే స్వయంగా విప్పుకోవాలి కాబట్టి అంతకన్నా పెంచితే ఫ్యాన్ మోత పెరుగుతుంది.

అమ్మాయి గురించి రాయాలి. నిజానికి ఈ ఖర్చంతా పెట్టమంటున్నది అందుకే. మన ఆంధ్రాలో ఎంసెట్ 2017 నుంచి కంప్యూటర్ మీదే జరుగుతోంది, ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్. ఇంజినీరింగ్ వాళ్ళకి మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలే. ఫోన్‌లో ప్రశ్న అరచేతిలో ఉంటుంది, దగ్గరికి తెచ్చుకుని చదువుతాం, వేలితో పెద్దది చేసుకుంటాం. పరీక్ష హాల్లో తెర రెండడుగుల దూరంలో నిలబడి ఉంటుంది. కుడి చేతిలో పెన్ను, అదే చేత్తో మౌస్. రఫ్ కాగితం మీద లెక్క చేసి, తల ఎత్తి, ప్రశ్న ఎక్కడుందో వెతుక్కుని, మౌస్ పట్టుకుని, ఆప్షన్ నొక్కి, సేవ్ అండ్ నెక్స్ట్ కొట్టి, మళ్ళీ పెన్ను అందుకోవాలి. పక్కన ప్రశ్నల నంబర్లు రంగురంగుల గళ్ళల్లో ఉంటాయి, ఏది రాశాం, ఏది వదిలాం, ఏది మళ్ళీ చూడాలనుకున్నాం అన్నది వాటి రంగు చూసి పోల్చుకోవాలి. ఇదంతా చేతికి అలవాటు లేకపోతే ఒక్కో ప్రశ్నకి నాలుగైదు సెకన్లు ఊరికే పోతాయి. 160 ప్రశ్నలకి లెక్కేసుకోండి, పది నిమిషాల పైమాటే. చదువు వచ్చిన పిల్లలు ఈ పది నిమిషాల దగ్గర టెన్షన్ పడిపోవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఈఏపీసెట్ సైటులో, జేఈఈ కోసం ఆ పరీక్ష పెట్టే సంస్థ ఎన్‌టీఏ సైటులో మాక్ టెస్టులు ఉచితంగా ఉంటాయి. అవన్నీ బ్రౌజర్‌లోనే నడుస్తాయి కనక మింట్‌లో ఏ ఇబ్బందీ ఉండదు. వారానికి రెండు పూర్తి పరీక్షలు, మధ్యలో లేవకుండా, ఫోన్ వేరే గదిలో పెట్టి, మానిటర్ ముందు కూర్చుని రాయమనండి. మౌస్ పాతది జిగురుగా కదులుతుంటే మంచిది ఒకటి కొనండి. ఈ లెక్కలో అది అనవసరపు ఖర్చు కాదు.

వద్దన్నవి కూడా చెప్పేస్తాను. గ్రాఫిక్స్ కార్డు వద్దు, లోపల కరెంట్ అందించే డబ్బా, మీ పాత ఎస్‌ఎంపీఎస్, ఆ బరువు మోయలేకపోవచ్చు. ఐ5 ప్రాసెసర్ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుందని ఎవరైనా అంటే, అబద్ధం కాదు గానీ ఇప్పుడు అక్కర్లేదు. కొత్త మానిటర్ కూడా వద్దు, ఉన్నది మసకబారకుండా ఉంటే చాలు. ఆ డబ్బు మిగిలితే యూపీఎస్ బ్యాటరీ చూడండి. ఆరేళ్ళు వాడకుండా ఉన్న బ్యాటరీ బతికి ఉండదు. మామూలు 600 వీఏ యూపీఎస్‌లో 12 వోల్టులు, 7 ఏహెచ్ బ్యాటరీ ఒకటి ఉంటుంది, అదొక్కటి మారిస్తే యూపీఎస్ కొత్తదవుతుంది. మాక్ టెస్ట్ మధ్యలో కరెంట్ పోతే ఆ అమ్మాయి ఏకాగ్రత పోవడమే కాదు, రాస్తుండగా ఆగిపోతే డిస్కులకీ మంచిది కాదు.

ఇలాంటి ప్రశ్నే ఇంకా కొందరు రాశారు కాబట్టి రెండు ముక్కలు. కోర్ 2 డ్యుయో ఉన్నవాళ్ళు ర్యామ్ 4 జీబీ చేసి ఎస్‌ఎస్‌డీ పెడితే టైపింగ్‌కి, ఫారాలు నింపడానికి వస్తుంది, వీడియో పాఠాలకి ఆయాసపడుతుంది. పెంటియం 4 అయితే ఏమీ పెట్టకండి. ఫైళ్ళు తీసుకుని, అధీకృత ఈ-వేస్ట్ సేకరణ వాళ్ళకి ఇవ్వండి. పాత ఇనుప సామాన్ల వాళ్ళు రాగి కోసం వైర్లు కాలుస్తారు, ఆ పొగ పక్కింటి పిల్లలే పీలుస్తారు. పాత సీపీయూని సీసీ కెమెరాల రికార్డింగ్‌కి పెడదామనుకునేవాళ్ళు కరెంట్ లెక్క చూసుకోండి. 60 వాట్లు లాగినా రోజంతా నడిస్తే నెలకి 43 యూనిట్లు. శ్లాబు మారితే ఆ భారం బిల్లులో తెలుస్తుంది.

షాపతనితో తగువు పెట్టుకోకండి చెల్లెమ్మా. వెయ్యి రూపాయల బేరం వద్దని చెప్పి, ఆ 4 జీబీ ర్యామ్ మాత్రం అతని దగ్గరే అడగండి. "పనికిరాదు" అని కొన్న సీపీయూల్లోంచి తీసి పెట్టినవి అతని డ్రాయర్‌లో తప్పకుండా ఉంటాయి. మీ బోర్డుకి సరిపోయేది ఏదో పెట్టి చూసి ఇచ్చేది కూడా అతనే. సీపీయూ అక్కడికి తీసుకెళ్ళాల్సి వస్తే పాత హార్డ్‌డిస్క్ ఇంట్లో విప్పి పెట్టి వెళ్ళండి.